తెల్లచుక్కలు నిర్దోషులు: మియాపూర్‌లో ఒక ఫెరీసియా నత్త కేసు

ఫోనులో వచ్చిన ఫిర్యాదు ఇది: "అద్దం మీద తెల్లచుక్కలు పుట్టాయి, వాటి వల్ల రొయ్యలు చచ్చిపోతున్నాయి, మందు వేసినా తగ్గడం లేదు." రొయ్యల చావుకు ఆ చుక్కలు కారణం కావని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. కానీ ఆ చుక్కలు ఏమిటో, అవి ఏం చేస్తున్నాయో, ఏం చేయడం లేదో ఆ ఇంటివారికి నచ్చజెప్పడానికి మాత్రం వారాలు పట్టింది. హైదరాబాద్‌లో మొక్కల అక్వేరియంలు పెంచేవారి ఇళ్లలో ఇలాంటి కేసులు ఈ మధ్య తరచుగా చూస్తున్నాను. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

తొట్టి వివరాలు

మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, తూర్పు కిటికీ పక్కన మూడడుగుల అద్దం తొట్టి, సుమారు 140 లీటర్ల నీరు. అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా మొక్కలు. చేపల్లో నియాన్ టెట్రాలు, నాలుగైదు కోరిడోరాస్‌లు, ఇంటివారికి అన్నిటికన్నా ముద్దయిన ఎర్ర చెర్రీ రొయ్యలు. నీరు బోరుది, అందులో కొంత ఆర్‌ఓ నీరు కలుపుతారు. ఈ నగరం నిలబడింది గ్రానైటు మీద. మన బోరు నీటి గట్టిదనం గీజర్ విప్పి చూసిన ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి అద్దం మీద తెల్లమచ్చ కనిపిస్తే ఎవరికైనా మొదట తట్టేది సున్నపు మరక. తొట్టి యజమానికీ అదే తట్టింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పద్ధతిగా పనిచేసే మనిషి. ఒక చుక్కను గీకి వెనిగర్‌లో వేశారు. నురగ వచ్చింది. సున్నమేనని తీర్మానించారు.

ఈ పరీక్ష చాలామంది చేస్తారు, దీని వల్ల ఏమీ తేలదు. నీటి మరకా కాల్షియం కార్బొనేటే, నత్తగుల్లా కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌కు రెండూ ఒకటే.

అసలు ఆధారం ఆయన తల్లిగారి దగ్గర దొరికింది. పూజగది తొట్టికి ఎదురుగా ఉంటుంది. ఆవిడ రోజూ పొద్దున దీపం పెట్టాక కాసేపు చేపలను చూస్తూ కూర్చుంటారు. "ఉప్పు మరక అయితే పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ ఉంటుందా బాబూ? నేను చెబితే వీడు వినలేదు" అన్నారు నాతో. కొడుకు ముఖం చూసి నేను నవ్వు ఆపుకున్నాను. ఆవిడ చెప్పినదాన్ని రుజువు చేయడానికి మార్కర్ పెన్ను చాలు. అద్దం బయటి వైపు నుంచి కొన్ని చుక్కల చుట్టూ సున్నాలు చుట్టి, లైటు ఆర్పేసి, మర్నాడు చూసుకోమన్నాను. తెల్లారేసరికి సున్నాలు ఉన్నచోటే ఉన్నాయి, లోపలి చుక్కలు చాలావరకు లేవు.

చుక్కలు ఏమిటి

అద్దానికి అంటుకున్న జీవిని తొట్టి బయటి నుంచి చూస్తే దాని అడుగుభాగం కనిపిస్తుంది. అక్వేరియం మనకిచ్చే సదుపాయం ఇది. చెరువులో ఇలా చూడలేం. పదింతలు పెద్దది చేసే భూతద్దం, పక్క నుంచి వేసిన టార్చి ఉంటే సరిపోతుంది. గుండ్రటి పాదం, ముందువైపు రెండు చిన్న స్పర్శశృంగాలు, వాటి మొదట్లో నల్లటి కళ్లు, నిమిషానికి ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకునే నోరు. ఆ నోటిలోని ఆకురాయి లాంటి నాలుక అద్దం మీది పాచిని గీకుతోంది. పైనుంచి చూస్తే మెలికలేమీ లేని గుల్ల, మూడు మిల్లీమీటర్లకు మించదు, బోర్లించిన ప్రమిదలా కోలగా, పలుచగా, దాదాపు పారదర్శకంగా ఉంది. లోపలి పేగు నల్లగా కనిపిస్తుంది.

ఇది లింపెట్ నత్త, ఫెరీసియా ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు). సముద్రపు రాళ్ల మీద ఉండే లింపెట్లకూ వీటికీ దగ్గరి చుట్టరికం లేదు. టోపీ ఆకారపు గుల్ల నత్తల్లో వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది. ఫెరీసియా నేటి వర్గీకరణలో ప్లానార్బిడే కుటుంబానికి చెందుతుంది. అంటే అక్వేరియంలలో అందరికీ తెలిసిన రామ్స్‌హార్న్ నత్తకు ఇది బంధువు. ఈ ప్రజాతికి 1903లో పేరు పెట్టింది అమెరికన్ పరిశోధకుడు బ్రయంట్ వాకర్.

ప్రజాతిని గుర్తించడానికి చూడవలసింది గుల్ల కొన. చేతికి తీసుకోవడంలోనే చిక్కుంది: గుల్ల ఎంత పలుచనంటే బ్లేడుతో లేపితే పగులుతుంది. తడి కుంచెతో పక్క నుంచి మెల్లగా తోస్తే వస్తుంది, లేదా మొక్క ఆకుతో సహా కత్తిరించి తీసుకోవాలి. చిన్న కంప్యూటర్ సూక్ష్మదర్శిని కింద పెడితే కొన మధ్యలో కాకుండా వెనక్కి, కుడివైపుకు జరిగి ఉంది. కొన మీద నుంచి అన్ని వైపులకూ సన్నటి గీతలు దిగుతున్నాయి. ఆ గీతలే ఫెరీసియా గుర్తు.

జాతి పేరు మాత్రం నేను రాయలేదు. భారతదేశం నుంచి ఫెరీసియా టెన్యూయిస్, ఫెరీసియా వెరూకా వంటి పేర్లు చాలాకాలంగా నమోదై ఉన్నాయి. దానికి తోడు ఉత్తర అమెరికాకు చెందిన ఫెరీసియా ఫ్రాజిలిస్ నీటిమొక్కలతో పాటు ప్రపంచమంతా తిరుగుతోంది. యూరప్, తూర్పు ఆసియా నీళ్లలో స్థానిక జాతులుగా చెలామణి అవుతున్న కొన్ని నిజానికి ఈ అమెరికన్ వలస జీవేనని 2006లో డీఎన్‌ఏ ఆధారంగా తేల్చారు. ఈ ప్రజాతిలో గుల్ల ఆకారం నీటి తీరును బట్టి మారిపోతుంది. గుల్ల చూసి జాతి చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ అవసరమూ ఈ కేసులో లేదు. కొన్ని నమూనాలను మాత్రం ఆల్కహాల్‌లో భద్రపరిచాను.

రొయ్యలు ఎందుకు చనిపోయాయి

నేను వెళ్లిన రోజు తొట్టి అడుగున చచ్చిన రొయ్యలు తెల్లబడి పడి ఉన్నాయి. బతికున్నవి ఒకపక్కకు ఒరిగి కాళ్లాడిస్తున్నాయి. టెట్రాలు నీటి పైకి వచ్చి గుటకలు వేస్తున్నాయి. పరీక్షలో పీహెచ్ 7.8, అమ్మోనియా లీటరుకు అర మిల్లీగ్రాము, నైట్రేటు రంగు పట్టికలో చివరి గడి దగ్గర. ఆ పీహెచ్ వద్ద ఆ అమ్మోనియా చిన్న విషయం కాదు.

ఇలాంటి కేసుల్లో నీటి పరీక్ష కన్నా ముందు తేదీలు అడగాలి. ఏది ముందు, ఏది తర్వాత? కొడుకుకు సరిగ్గా గుర్తులేదు. తల్లిగారికి ఉంది. చుక్కలు సంక్రాంతి ముందు నుంచే ఉన్నాయట. సంక్రాంతికి వచ్చిన మనవలు రొయ్యపిల్లలను లెక్కపెట్టలేక వదిలేశారట. మందు పోసింది ఏకాదశినాడు. తాను ఉపవాసం ఉండి తొట్టి ముందే కూర్చున్నాను కాబట్టి గుర్తుందన్నారు. మొదటి రొయ్య చచ్చింది ద్వాదశినాడు. అంటే చుక్కలతో కలిసి రొయ్యలు వారాల తరబడి హాయిగా పిల్లలను పెట్టాయి; సీసా మూత తీశాక ఒక్క రోజులో పడిపోయాయి.

సీసా తెప్పించి చూశాను. నత్తలను చంపే మందని దుకాణంలో ఇచ్చారట. పేరు పెద్ద అక్షరాల్లో, అందులో ఉన్నదేమిటో చీమ తలకాయంత అక్షరాల్లో. కాపర్ సల్ఫేట్. మన రైతులకు తెలిసిన మైలుతుత్తం. బోర్డో మిశ్రమంలో తెగుళ్లను చంపేది ఇదే. నీటిలో వెన్నెముక లేని జీవులకు, ముఖ్యంగా రొయ్యజాతికి, రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. విచిత్రమేమిటంటే రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థంలోనే రాగి ఉంటుంది. అయినా కాస్త ఎక్కువైతే మొప్పలు దెబ్బతింటాయి. మందు పని చేయడం లేదనుకుని రెండోసారి కూడా పోశారు. లింపెట్లలో చాలావరకు చచ్చాయి, మొక్కల సందుల్లో ఉన్న ఎన్నో నత్తలూ వాటితో పాటు కుళ్లాయి. అమ్మోనియా అక్కడి నుంచి వచ్చింది. ఇక లింపెట్ గుడ్లు జిగురు గుళికల్లో, ఒక్కోదానిలో ఒకటో రెండో, అద్దానికి గట్టిగా అతుక్కుని ఉంటాయి. మందు వాటి దాకా పోలేదు. కొన్నాళ్లకు పొదిగి కొత్త చుక్కలు కనిపించాయి. అందుకే "మందు వేసినా తగ్గలేదు."

మొత్తం మీద నేను రాసుకున్న నిర్ధారణ: రాగి విషం, దాని వెనక అమ్మోనియా. లింపెట్ల పాత్ర శూన్యం. అవి రొయ్యను గాని, చేపను గాని, బతికున్న ఆకును గాని ముట్టవు. వాటి తిండి పాచి, డయాటమ్‌లు అనే సూక్ష్మ శైవలాలు, కుళ్లిన తుక్కు.

గిమ్వి గొడవ

నత్త అని తేలగానే కొత్త భయం మొదలైంది. కొడుకు ఫోనులో వెతికి, ఫెరీసియా మనుషులకు రోగం తెస్తుందట కదా, ఇంట్లో చిన్నపిల్లలు వచ్చిపోతుంటారు, తొట్టి మొత్తం పారబోద్దామా అని అడిగారు. ఆ వార్తకు ఆధారం ఉంది. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో మూత్రంలో రక్తం పడే షిస్టోసోమియాసిస్ వ్యాధిని 1952లో గాడ్గిల్, షా అనే పరిశోధకులు బయటపెట్టారు. అక్కడ ఆ వ్యాధిని తెచ్చే పరాన్నజీవి పురుగుకు మధ్య ఆతిథేయి, అంటే మనిషిని చేరేముందు అది పెరిగే జీవి, ఫెరీసియా టెన్యూయిస్ అన్నారు. మన దేశంలో ఈ వ్యాధి గురించి రాసిన ప్రతిచోటా గిమ్వి వస్తుంది.

కానీ ఆ పురుగు నత్తలో తనంతట తాను పుట్టదు. వ్యాధి ఉన్న మనిషి మూత్రంలోని గుడ్లు నీటిలో పడాలి, అందులోంచి వచ్చిన డింభకం నత్తలో దూరాలి, అక్కడ పెరిగి బయటికి వచ్చిన తర్వాతి దశ నీటిలో దిగిన మనిషి చర్మంలోంచి లోపలికి పోవాలి. మియాపూర్ అపార్ట్‌మెంట్‌లోని మూతపెట్టిన తొట్టిలో ఈ గొలుసుకు మొదటి లంకె లేదు. ఈ మాట చెప్పాక కొడుకు తేరుకున్నారు. అయినా చేతికి గాయముంటే తొట్టిలో చేయి పెట్టవద్దనీ, పెట్టి తీశాక సబ్బుతో కడుక్కోవాలనీ చెప్పాను. అది ఏ అక్వేరియానికైనా చెప్పేదే.

చేసిన చికిత్స

మొదటి పని రాగిని తీయడం. చచ్చినవన్నీ ఏరి, ఫిల్టర్‌లో కొత్త బొగ్గు పెట్టించాను. నీరు ఒక్కసారిగా సగం మార్చలేదు. ఉన్న కొద్దిపాటి రొయ్యలు నీటి గట్టిదనం హఠాత్తుగా మారితే పొర విడిచేటప్పుడు చస్తాయి. రోజూ కొంచెం కొంచెం, తొట్టి నీటితో సరితూగేలా బోరు నీరు, ఆర్‌ఓ నీరు కలిపి మార్చమన్నాను. నీటిలోకి గాలి బుడగలు వదిలే గాలి రాయిని రాత్రంతా నడపమన్నాను. అమ్మోనియా ముందుగా దిగింది.

రాగి అంత తేలికగా పోదు. గట్టి నీటిలో కొంత కార్బొనేటుగా మారి మట్టిలో దిగబడుతుంది. నీరు ఆమ్లంవైపు జరిగితే మళ్లీ కరిగి పైకి వస్తుంది. అందుకే నీటిని ఆమ్లంవైపు నెట్టే కార్బన్ డయాక్సైడును, మొక్కలకిచ్చేదాన్ని, కొంతకాలం ఆపించాను. చెర్రీ రొయ్యకు హాని చేసే స్థాయి రాగిని మన దుకాణాల్లో దొరికే పరీక్ష కిట్లు నమ్మకంగా పట్టుకోలేవు. కిట్ సున్నా చూపించినంత మాత్రాన రొయ్యలను కొనుక్కురావడం జూదమే.

ఇక్కడ లింపెట్లు నాకు పనికొచ్చాయి. నత్తలకూ రాగి పడదు. అప్పుడే పొదిగిన లింపెట్ పిల్ల, సూదిమొన అంత ఉంటుంది, అద్దం మీద బతికి పెరుగుతోందంటే నీటిలో రాగి బాగా తగ్గినట్టే. ఇంటివారు చంపమని అడిగిన జీవినే నేను పరీక్ష పరికరంగా పెట్టుకున్నాను. "చుక్కలు పెరిగితే నాకు ఫోను చేయండి, సంతోషించే విషయం" అని చెబితే కొడుకు నన్ను అనుమానంగా చూశారు. ఈ పద్ధతిని ఎవరూ నిర్ధారిత పరీక్షగా భావించవద్దు. పిల్లలు అద్దం నిండా పాకుతున్నాయని ఫోను వచ్చాక కూడా ముందు కొద్దిపాటి రొయ్యలను వలపెట్టెలో ఉంచి చూసి, అవి పొర విడిచి నిలిచాకే మిగతావాటిని వదిలించాను.

ఎండబెట్టి, ఊపిరాడకుండా చేసి చంపాలనే ఆలోచనల గురించి

ఈ మధ్యలో కొడుకు రెండు ఉపాయాలు చెప్పారు. రెండూ తర్కంగానే కనిపిస్తాయి, రెండూ పని చేయవు. ఈ నత్తల జీవశాస్త్రం తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

మొదటిది: ఇది గాలి పీల్చే నత్తల వర్గంలో ఉందని చదివారు. మరి రామ్స్‌హార్న్‌లాగా నీటి పైకి వచ్చినప్పుడు పట్టుకోవచ్చు కదా, లేదా పైకి రాకుండా అడ్డుకోవచ్చు కదా? వర్గం గాలి పీల్చేదే. ఫెరీసియా పూర్వీకులకు ఊపిరితిత్తి ఉండేది. కానీ ఈ చదును నత్తలో ఆ గది దాదాపు పూర్తిగా అంతరించింది. శరీరం ఎడమవైపున ఒక చర్మపు మడత మొప్పలా పనిచేస్తుంది, మిగతా శరీరం కూడా నీటిలోని ఆక్సిజన్‌నే తీసుకుంటుంది. పుట్టింది మొదలు చచ్చేదాకా నీటి పైకి రాకపోయినా దానికి లోటు లేదు. రాత్రిపూట పాలకూర ఆకు వేసి నత్తలను ఏరే చిట్కా కూడా వీటి మీద పెద్దగా పనిచేయదు. ఆకు మీదికి వచ్చేవి వస్తాయి, అద్దం మీది పాచి బాగుంటే కదలవు.

రెండోది: తొట్టి ఖాళీ చేసి కొద్దిరోజులు ఎండబెడదాం. నీరు ఇంకిపోయే గుంటల్లో బతికే ప్రజాతికి ఈ బెదిరింపు కొత్త కాదు. ఫెరీసియాలో కొన్ని, పరిస్థితి బాగాలేనప్పుడు గుల్ల అడుగున వెనకవైపు నుంచి ఒక పలకను పెంచుకుని నోటిని చాలావరకు మూసేస్తాయి. లోపల తేమ నిలుస్తుంది. నీరు తిరిగి వస్తే మళ్లీ పెరగడం మొదలు. ఈ పలక ఉన్న గుల్లలను చూసి వేరే జీవులనుకున్న రోజులూ ఉన్నాయి. పైగా ప్రతి నత్తా ఆడా మగా కలిసిన జీవి, తనను తానే ఫలదీకరించుకోగలదు. ఒక్కటి మిగిలితే చాలు. మట్టి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి, అన్నిటినీ ఎముకలా ఎండబెట్టడం అంటే తొట్టిలోని మంచి బ్యాక్టీరియానూ చంపుకోవడమే. ఆ పని చేయనివ్వలేదు.

నత్తలను తినే చేపలు పెడదామా అని ఎవరైనా అడిగితే: బోటియా లోచ్‌లు పెద్ద నత్తలను శుభ్రంగా తింటాయి గాని, అద్దానికి అతుక్కున్న మూడు మిల్లీమీటర్ల టోపీని పీకడం వాటికీ కష్టమే. రొయ్యపిల్లలను మాత్రం ఒక్కటీ మిగల్చవు.

అసలు మార్చింది తిండి

లింపెట్లు ఇన్ని ఎందుకయ్యాయి? పాచి అంతగా ఉంది కాబట్టి. పాచి ఎందుకుంది? తొట్టికి తూర్పు కిటికీ ఎండ, పైగా పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా లైటు. కొడుకు ఆఫీసుకు పోతూ మేత వేస్తారు. తల్లిగారు పూజ కాగానే వేస్తారు. కోడలు సాయంత్రం వచ్చి, పాపం ఇవి ఆకలిగా ఉన్నాయనుకుని వేస్తుంది. చేపలు ఎవరు కనిపించినా ఆకలి నటించడంలో మేటి. ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నేను అడిగినప్పుడు వంటింట్లో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

మేత బాధ్యత తల్లిగారికి అప్పగించాం. ఏ రోజుకారోజు మేతను కొడుకు చిన్న డబ్బాలో పోసి పెడతారు, డబ్బా ఖాళీ అంటే ఆ రోజుకు అయిపోయినట్టు. లైటుకు టైమర్ పెట్టి ఏడు గంటలకు తగ్గించాం. కిటికీకి పరదా వచ్చింది. వారానికోసారి ముందు అద్దాన్ని పదునైన బ్లేడుతో, సైఫన్ గొట్టం పక్కనే పట్టుకుని గీకి, ఊడినదాన్ని ఊడినట్టే బయటికి లాగేస్తారు. బ్లేడు గుడ్లను కూడా లేపుతుంది. అయస్కాంతపు తుడుపుడు బిళ్ల గుల్లలను నలిపి గుడ్లను వదిలేస్తుంది. అక్రిలిక్ తొట్టి ఉన్నవారు బ్లేడు జోలికి పోవద్దు, గీతలు పడతాయి.

కొన్ని వారాలకు నైట్రేటు సగానికి దిగింది. ముందు అద్దం మీద చుక్కలు వెతుక్కుంటే గాని కనిపించనంతగా తగ్గాయి. ఏ మందూ వాడలేదు.

ఎక్కడి నుంచి వచ్చాయి

బాల్కనీలో ఒక ప్లాస్టిక్ తొట్టెలో నర్సరీ నుంచి తెచ్చిన కలువ, దాని చుట్టూ అంతరతామర. అందులోంచి రెండు అంతరతామర మొక్కలను అందంగా ఉంటాయని అక్వేరియంలో వేశారట, ఎప్పుడో దీపావళి తర్వాత. కలువ ఆకు తిప్పి చూస్తే అడుగున లింపెట్లు వరసగా ఉన్నాయి. నిలవనీటిలో ఆకుల అడుగుభాగం వీటికి ఇష్టమైన చోటు. కలువ తొట్టెలోకి నర్సరీ నుంచే వచ్చి ఉండాలి. మంచినీటి లింపెట్లు నీటి పురుగుల రెక్కల మీద అంటుకుని ప్రయాణించడం కూడా శాస్త్రజ్ఞులు గమనించారు గాని, అంత ఎత్తు బాల్కనీ దగ్గర నా అనుమానం మొక్కల మీదే.

కొత్త నీటిమొక్కలు తెచ్చేవారికి చెప్పేది: విడిగా ఒక బకెట్‌లో రెండు మూడు వారాలు ఉంచి, ఆకుల అడుగు భూతద్దంతో చూసి, ఆ తర్వాతే తొట్టిలో వేయండి. పొటాషియం పర్మాంగనేటు నీటిలో ముంచడం నత్తలను తగ్గిస్తుంది, గుడ్లను నమ్మకంగా చంపదు. కత్తిరించి పారేసే మొక్కలను, మార్చిన నీటిని చెరువులోకో నాలాలోకో పోయవద్దు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప మన చేపల చెరువుల్లో ఎంత తలనొప్పి అయిందో రైతులను అడగండి. మొక్కలను మరిగిన నీటిలో ముంచి చెత్తబుట్టలో వేయడం తేలిక. నీరు కుండీలకు పోస్తే మంచి ఎరువు.

తొట్టెను పారేద్దామని కొడుకు అన్నారు. కలువ పూస్తోంది, పూజకు పనికొస్తోంది, ఎలా పారేస్తావని తల్లిగారు ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన ఒప్పందం: బాల్కనీకి వేరే వల, వేరే మగ్గు, వేరే గొట్టం, అక్కడి మొక్క ఏదీ లోపలికి రాదు. మగ్గుల మీద కోడలు ఎర్ర టేపు, నీలం టేపు అంటించింది. రొయ్యలు మళ్లీ పిల్లలు పెడుతున్నాయి. ఫిల్టర్ వెనక అద్దం మీద కొన్ని లింపెట్లు ఉన్నాయి, వాటిని గీకవద్దని నేనే చెప్పాను.